చెప్పిన కారణం, తేలిన నిజం

అమెరికా సైనిక జోక్యాల చరిత్ర - మన ఇంటి వైపు నుండి ఒక చూపు

2025 జూన్ 27వ తేదీ శుక్రవారం మేము పుల్లలచెరువులో ఉన్నాం. జుమా నమాజు ముగిసి జనం ఇళ్ళకు మళ్ళుతున్నారు. మస్జిదు ఎదుట టీ బంకు దగ్గర నలుగురైదుగురు పెద్దలు నిలబడి మాట్లాడుకుంటున్నారు. మామూలుగా ఐతే ఆ వేళకు మాటలన్నీ వానల గురించీ, మిర్చి ధర గురించీ, ట్యాంకరు నీళ్ళ గురించీ నడుస్తాయి. ఆ రోజు మాత్రం ఇరాన్, అమెరికా పేర్లు వినిపించాయి.

అంతకు ఐదు రోజుల ముందు, జూన్ 22న అమెరికా విమానాలు ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాలపై బాంబులు వేశాయి. మరునాడు ఇరాన్ ఖతర్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరంపైకి క్షిపణులు వదిలింది. ఆ రాత్రి ఖతర్, కువైట్, బహ్రెయిన్, యు.ఎ.ఇ.ల గగనతలం కొన్ని గంటలపాటు మూతపడింది. విమానాలు నిలిచిపోయాయి.

"మావాడు దోహాలో డ్రైవరు భాయ్. ఆ రాత్రంతా ఫోను కలవలేదు. వాళ్ళమ్మ జానమాజ్ మీదే కూర్చుండిపోయింది" అన్నారు ఒక పెద్దాయన. కాసేపాగి, "ఎక్కడి అమెరికా, ఎక్కడి పుల్లలచెరువు! వాళ్ళ తగాదాకూ మా ఇంటి నిద్రకూ ఏం సంబంధం చెప్పండి?" అని అడిగారు.

అక్కడికక్కడే ఆయనకు సరైన సమాధానం చెప్పలేకపోయాం. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాం. చూడగా చూడగా తెలిసిందేమంటే, ఈ సంబంధం నిన్న మొన్నటిది కాదు. రెండు వందల ఏళ్ళకు పైబడిన కథ అది. అందులో మన బడి పిల్లల ఉప్మా ఉంది, మన విశాఖ తీరం ఉంది, కువైట్ నుండి ఒట్టి చేతులతో తిరిగివచ్చిన మన తెలుగువారూ ఉన్నారు.

ఒక పలక తీసుకుందాం

అమెరికా సైన్యం విదేశాలకు వెళ్ళిన సందర్భాలను ఆ దేశ పార్లమెంటు పరిశోధనా విభాగమే 1798 నుండి జాబితాగా రాసిపెట్టింది. అవి వందల్లో ఉన్నాయి. అన్నీ ఒక స్థాయివి కావు. కొన్ని తమ పౌరులను తీసుకురావడానికి వెళ్ళినవి, కొన్ని ఏళ్ళ తరబడి సాగిన యుద్ధాలు. యుద్ధం ప్రకటించే అధికారం అధ్యక్షుడిది కాదు, పార్లమెంటుది అని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. ఆ పార్లమెంటు లాంఛనంగా యుద్ధం ప్రకటించింది ఐదు యుద్ధాలలోనే. చివరి ప్రకటన 1942 నాటిది. కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్తాన్ - వీటిలో ఏ ఒక్కటీ అలా ప్రకటించిన యుద్ధం కాదు.

ఇంత పెద్ద జాబితాను చదవడానికి ఒక పద్ధతి కావాలి కదా! మార్కాపురం పలకలకు పేరుపడిన ప్రాంతం మనది. ఆ పలకే ఒకటి తీసుకుని మధ్యన నిలువుగీత గీద్దాం. ఎడమ పక్కన యుద్ధానికి ముందు చెప్పిన కారణం రాద్దాం. కుడి పక్కన తరువాత తేలిన నిజం రాద్దాం. రెండూ కలిశాయా లేదా అన్నది పిల్లలైనా చూసి చెప్పగలరు.

తొలి అడుగులు

మొదటి వరుసలో మెక్సికో. 1846లో అధ్యక్షుడు పోల్క్ తమ గడ్డ మీద తమవారి రక్తం చిందిందని చెప్పి యుద్ధానికి దిగారు. ఆ రక్తం చిందిన చోటు ఎవరిదో చూపించండి అని 1847లో ఒక కొత్త సభ్యుడు పార్లమెంటులో నిలదీశారు. ఆయన పేరు అబ్రహాం లింకన్. ఆ చోటు రెండు దేశాలూ తమదంటున్న వివాద భూమి. 1848లో యుద్ధం ముగిసేసరికి కాలిఫోర్నియాతో సహా మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం పోగొట్టుకుంది.

రెండో వరుస 1898. క్యూబాలోని హవానా రేవులో అమెరికా యుద్ధనౌక 'మెయిన్' పేలిపోయింది. స్పెయిన్ వాళ్ళే పేల్చారని పత్రికలు హోరెత్తించాయి. యుద్ధం వచ్చింది. 1976లో అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ నిపుణులతో పరిశీలించి, బయటినుండి పేల్చిన ఆనవాళ్ళు లేవనీ, నౌకలోని బొగ్గు అంటుకుని పేలి ఉండవచ్చనీ రాశారు. అప్పటికి 78 ఏళ్ళు గడిచిపోయాయి!

ఆ యుద్ధంలో స్పెయిన్ చేతి నుండి ఫిలిప్పీన్స్ దీవులు అమెరికా చేతికి వచ్చాయి. స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించారు. స్వాతంత్ర్యం వస్తుందనుకున్న ఫిలిప్పీన్స్ ప్రజలు కొత్త దొరతో పోరాడవలసి వచ్చింది. 1899-1902 యుద్ధంలో హింస, ఆకలి, రోగాల వల్ల రెండు లక్షల వరకు సామాన్యులు మరణించారని అమెరికా ప్రభుత్వ చరిత్రకారులే రాశారు.

ఇక్కడ మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ దేశపు దక్షిణ దీవులలో మోరో ముస్లింలు నివసిస్తారు. 1899లో అమెరికా జనరల్ బేట్స్, సులూ సుల్తానుతో ఒప్పందం చేసుకున్నారు. మీ మతం జోలికి, మీ ఆచారాల జోలికి రామన్నది అందులోని మాట. ఉత్తరాన యుద్ధం సద్దుమణిగాక, 1904లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఆ ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేశారు. 1906 మార్చిలో హోలో దీవిలోని బుద్ దాహో కొండపైకి చేరిన మోరోలను సైన్యం చుట్టుముట్టింది. స్త్రీలు, పిల్లలతో సహా వందలమంది చనిపోయారు. ఈ ఘోరాన్ని తీవ్రంగా నిందిస్తూ రాసినవాడు అమెరికా రచయితే - మార్క్ ట్వేన్. ఆ రాతలు అచ్చయింది మాత్రం ఆయన పోయాకనే.

పెరటి దేశాలు

ఆ తరువాత మూడు దశాబ్దాలు చుట్టుపక్కల చిన్న దేశాల వంతు. నికరాగ్వాలో 1912 నుండి 1933 వరకు దాదాపు ఎడతెగకుండా, హైతీలో 1915 నుండి 1934 వరకు, డొమినికన్ రిపబ్లిక్‌లో 1916 నుండి 1924 వరకు అమెరికా సైనికులు ఉన్నారు. శాంతిభద్రతల కోసమని చెప్పారు. ఆ దేశాల కస్టమ్స్ ఆదాయం, బ్యాంకుల అప్పులు, చక్కెర తోటలు ఎవరి చేతికి వెళ్ళాయన్నది కుడి పక్కన రాసుకోవాలి. ఈ దండయాత్రలలో స్వయంగా పాల్గొని, దేశపు అత్యున్నత శౌర్య పతకాన్ని రెండుసార్లు అందుకున్న మేజర్ జనరల్ స్మెడ్లీ బట్లర్, యుద్ధమంటే కొద్దిమంది లాభాల కోసం నడిచే వ్యాపారమని 1935లో చిన్న పుస్తకమే రాశారు.

చమురు కోసం ఒకటి, పండ్ల కోసం ఒకటి

సైన్యం దిగకుండానే ప్రభుత్వాలను దించే పద్ధతి 1950లలో వచ్చింది. ఇరాన్‌లో ప్రధాని ముసద్దిఖ్ 1951లో బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేశారు. 1953 ఆగస్టు 19న ఆయన పదవి పోయింది. కమ్యూనిస్టుల నుండి ఇరాన్‌ను కాపాడటం ఎడమ పక్కన రాసే కారణం. కుడి పక్కన రాయవలసింది 1954 నాటి ఒప్పందం. ఇరాన్ చమురును నడిపే కొత్త కూటమిలో అమెరికా కంపెనీలకు 40 శాతం వాటా దక్కింది. ఆ కుట్రలో తమ గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. చెయ్యి ఉందని చూపే పత్రాలు 2013లో అధికారికంగా బయటపడ్డాయి. షా పాలన, 1979 విప్లవం, ఆ తరువాతి పగలు అన్నీ అక్కడి నుండే మొదలయ్యాయి. దోహాలో డ్రైవరు పని చేసే పుల్లలచెరువు కుర్రవాడి ఫోను 2025లో కలవకపోవడానికి వెనుక వేళ్ళు వెదికితే, ఒక వేరు 1953 దాకా వెళుతుంది.

1954లో గ్వాటెమాల. భూసంస్కరణలు తెచ్చిన అర్బెంజ్ ప్రభుత్వం పడిపోయింది. అక్కడ భూములు కోల్పోయినది అరటిపండ్ల వ్యాపారం చేసే అమెరికా కంపెనీ. తరువాత ఆ దేశం 36 ఏళ్ళ అంతర్యుద్ధంలో మునిగింది.

వియత్నాం బాంబులు, మన గోధుమలు

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో తమ నౌకలపై రెండుసార్లు దాడి జరిగిందని అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించారు. పార్లమెంటు ఆయనకు పూర్తి అధికారం ఇచ్చింది. రెండు సభలలో కలిపి వద్దన్నవారు ఇద్దరే సెనేటర్లు - మోర్స్, గ్రూనింగ్. ఆ రెండో దాడి అసలు జరగనే లేదని అమెరికా భద్రతా సంస్థ పత్రాలే 2005లో వెల్లడించాయి. ఈ నడుమ 58 వేలమందికి పైగా అమెరికా సైనికులు, లక్షల సంఖ్యలో వియత్నాం ప్రజలు చనిపోయారు.

ఆ రోజుల్లో మన దేశం కరువుతో ఉంది. పి.ఎల్. 480 పథకం కింద అమెరికా గోధుమలు ఓడల మీద వచ్చేవి. అరవై ఏళ్ళు పైబడిన మన పాఠకులకు బడిలో పెట్టిన 'కేర్' ఉప్మా, పాలపొడి గుర్తుండే ఉంటుంది. ఆకలి వేళ అన్నం పెట్టిన చేతిని తక్కువ చేసి చెప్పకూడదు. ఐతే అదే చేయి ఓడల తాడును పట్టుకుని ఉండింది. 1966లో వియత్నాంపై బాంబుదాడులను మన ప్రభుత్వం విమర్శించినప్పుడు జాన్సన్‌కు కోపం వచ్చింది. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్న ఒత్తిడి ముందే ఉండగా, ఈ కోపం తోడై, గోధుమల విడుదలను కొద్దికొద్దిగా, చివరి నిమిషం దాకా ఆపి ఇచ్చారు. ఓడ దిగిన గింజ నేరుగా నోటికి వెళ్ళే పరిస్థితి. తిండి గింజలకు ఇంకొకరి గుమ్మం ఎక్కకూడదని మన దేశం పట్టుబట్టి హరితవిప్లవం వైపు నడవడానికి ఈ చేదు అనుభవం కూడా ఒక కారణం.

బంగాళాఖాతంలో అమెరికా నౌక

1971లో ఈ చరిత్ర మన తీరం దాకా వచ్చింది. తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యం సాగించిన మారణకాండకు తాళలేక కోటిమంది దాకా శరణార్థులు మన దేశానికి వచ్చారు. చంపినవారూ ముస్లింలే, చనిపోయిన వారిలోనూ లక్షలాది ముస్లింలు ఉన్నారు. అప్పుడు ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్‌గా ఉన్న ఆర్చర్ బ్లడ్, తమ ప్రభుత్వం మౌనంగా ఉండటం నైతిక పతనమని ఏప్రిల్‌లోనే వాషింగ్టన్‌కు తంతి పంపారు. నిజం చెప్పినందుకు ఆయనను అక్కడి నుండి బదిలీ చేశారు.

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. ఆ రాత్రే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖపట్నం రేవుకు సమీపంలో మునిగిపోయింది. వారం తిరిగేసరికి నిక్సన్ ప్రభుత్వం అణుశక్తితో నడిచే విమానవాహక నౌక 'ఎంటర్‌ప్రైజ్'ను, దాని వెంట మరికొన్ని నౌకలను బంగాళాఖాతానికి పంపింది. ఢాకాలోని తమ పౌరులను తరలించడానికని చెప్పారు. ఐతే ఆ నౌకలు చేరేలోగానే విదేశీయులు చాలామంది బ్రిటిష్ విమానాలలో వెళ్ళిపోయారు. ఆ పయనం ఇండియాను, దాని వెనుక ఉన్న సోవియట్ యూనియన్‌ను బెదిరించడానికేనని తరువాత బయటపడిన శ్వేతసౌధ పత్రాలు తేటతెల్లం చేశాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ నౌక ఒక్క గుండు పేల్చకుండానే వెనుదిరిగింది.

కువైట్ నుండి ఒట్టి చేతులతో

ఇక మనవారికి అత్యంత దగ్గరగా తగిలిన దెబ్బ 1990 నాటిది. దానికి రెండేళ్ళ ముందే ఒక హెచ్చరిక కనిపించింది. 1988 జూలై 3న గల్ఫ్ జలాలలో అమెరికా యుద్ధనౌక 'విన్సెన్స్' ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసింది. అందులోని 290 మందీ మరణించారు. వారిలో 10 మంది భారతీయులు. యుద్ధవిమానం తమ మీదికి దిగుతోందనుకున్నామని చెప్పారు. ఆ విమానం నిజానికి పైకి లేస్తూ ఉండిందని విచారణలో తేలింది.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పటికి అక్కడ దాదాపు 1 లక్షా 70 వేలమంది భారతీయులు ఉన్నారు. కడప, రాయచోటి, రాజంపేటల నుండి, గోదావరి జిల్లాల నుండి వెళ్ళిన తెలుగువారు వారిలో ఎందరో! ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు. దాచుకున్న దీనార్లు చెల్లకుండా పోయాయి. చేతికి దొరికిన సంచితో బస్సులెక్కి, ఇరాక్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరారు. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి మనవారి ప్రయాణానికి దారి చేశారు. అమ్మాన్ నుండి ఎయిర్ ఇండియా 59 రోజులలో 500కు దగ్గరగా విమానాలు నడిపి, లక్షా పది వేలమందికి పైగా మనుషులను ఇంటికి చేర్చింది. ప్రపంచ చరిత్రలో ఒక పౌర విమాన సంస్థ అంతమందిని తరలించడం అదే మొదలు.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పుకోవాలి. మన కూలీల బతుకును కూల్చింది ముందుగా అమెరికా కాదు, సద్దాం హుస్సేన్. 1991 తరువాత పుట్టిన మగపిల్లలకు ఆ పేరు పెట్టుకున్న కుటుంబాలు మన ప్రాంతంలోనూ ఉన్నాయి. అగ్రరాజ్యాన్ని ఎదిరించాడన్న అభిమానం అది. కాని 1988 మార్చి 16న హలబ్జా పట్టణంలో విషవాయువుతో వేలమంది కుర్దు ముస్లింలను చంపింది కూడా ఆయన సైన్యమే. అప్పట్లో అమెరికా ఆయనకు అండగానే ఉంది. మన త్రాసులో రెండు పళ్ళాలూ సమానంగా ఉండాలి.

1991 జనవరి 17న అమెరికా నాయకత్వంలో బాంబుదాడులు మొదలైనాయి. ఆక్రమణ నుండి కువైట్‌ను విడిపించడమనే కారణం నిజమే, ఐక్యరాజ్యసమితి అనుమతీ ఉంది. ఐనా దాని చుట్టూ అబద్ధాలు అల్లుకున్నాయి. ఆసుపత్రిలో పసికందులను ఇంక్యుబేటర్ల నుండి తీసి నేల మీద పడేశారని 1990 అక్టోబరులో ఒక 15 ఏళ్ళ అమ్మాయి వాషింగ్టన్‌లో కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పింది. ఆ అమ్మాయి అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని 1992లో బయటపడింది. ఆమె చెప్పిన కథకు ఆధారాలు దొరకలేదు. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమిరియా ఆశ్రయంపై పడిన బాంబులకు 400 మందికి పైగా సామాన్యులు కాలిపోయారు. ఆ చావులకు మాత్రం సాక్ష్యం అక్కరలేదు.

ఆ యుద్ధం ఖర్చు మన ఇంటికీ వచ్చింది. చమురు ధర పెరిగి, డీజిల్ ఇంజన్లతో తోడుకునే మెట్ట రైతుకు నీళ్ళు భారమయ్యాయి. గల్ఫ్ నుండి డ్రాఫ్టులు ఆగిపోయాయి. చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలకు బొంబాయి, మద్రాసు, ఆగ్రాలలో ఇంధనం నింపుకోనిచ్చి, విమర్శలు రాగా ఫిబ్రవరిలో ఆపింది. అప్పటికే బలహీనంగా ఉన్న మన విదేశీ మారకపు నిల్వలు ఈ దెబ్బతో అడుగంటాయి. తెలుగువారైన పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధాని అయ్యేనాటికి దేశం బంగారం బయటికి పంపి డబ్బు తెచ్చుకునే స్థితిలో ఉంది. మే నెలలో 20 టన్నులు, జూలైలో దాదాపు 47 టన్నులు విమానాలెక్కాయి.

మనం నమ్మిన లెక్క

యుద్ధం ఆగినా ఇరాక్‌పై ఆంక్షలు 2003 వరకు ఆగలేదు. మందులకు, తాగునీటి యంత్రాలకు ఆ దేశ ప్రజలు అల్లాడారు. ఆంక్షల వల్ల ఐదు లక్షలమంది పిల్లలు చనిపోయారన్న లెక్క 1990లలో అన్ని పత్రికలలో వచ్చింది. ఆ మూల్యం తగినదేనని 1996లో అమెరికా ప్రతినిధి ఆల్‌బ్రైట్ టీవీలో అన్నారు. అలా అనడం తప్పేనని తరువాత ఆమే ఒప్పుకున్నారు.

కాని ఆ లెక్క మాట ఏమిటి? 2003 తరువాత జరిగిన సర్వేలలో పిల్లల మరణాలు అంతగా పెరిగిన జాడ కనిపించలేదు. ఆ లెక్కలను ఇరాక్ ప్రభుత్వమే మార్చి చూపిందని 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన తేల్చింది. బాధ నిజం, లెక్క అబద్ధం. మనలో చాలామందిమి ఆ లెక్కను నమ్మాం, నలుగురికీ చెప్పాం. వార్త వస్తే ముందు నిజానిజాలు విచారించుకోమని ఖుర్ఆన్ (49:6) ఆదేశించింది. ఆ ఆదేశం ఎదుటివారి అబద్ధాలకే కాదు, మనకు నచ్చిన అబద్ధాలకూ వర్తిస్తుంది. పలక మీద కుడి పక్కన మన పొరపాట్లకూ ఒక వరుస ఉంచుకోవాలి.

దొరకని ఆయుధాలు, చెదిరిన దేశాలు

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్, వాషింగ్టన్‌లలో దాదాపు మూడు వేలమంది అమాయకులు బలైనారు. దోషులను శిక్షించడానికి అక్టోబరు 7న అఫ్గానిస్తాన్‌లో మొదలైన యుద్ధం 20 ఏళ్ళు సాగింది. 2021 ఆగస్టులో సైన్యం వెనుదిరిగేసరికి కాబూల్‌లో మళ్ళీ తాలిబన్లే కూర్చున్నారు.

2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి పావెల్ భద్రతామండలిలో బొమ్మలు చూపించి, ఇరాక్ దగ్గర సామూహిక వినాశ ఆయుధాలున్నాయని చెప్పారు. మార్చి 20న దాడి మొదలైంది. అమెరికా పంపిన తనిఖీ బృందమే దేశమంతా వెదికి, అటువంటి నిల్వలు లేవని 2004లో నివేదిక ఇచ్చింది. మన పలకపై ఎడమ, కుడి పక్కలు ఇంతగా విడిపోయిన వరుస మరొకటి లేదు. మన పార్లమెంటు ఆ యుద్ధాన్ని నిందిస్తూ 2003 ఏప్రిల్‌లో తీర్మానం చేసింది. ఇరాక్‌కు మన సైనికులను పంపమని అమెరికా అడిగితే, జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం కుదరదని చెప్పింది. ఎందరో తల్లుల కడుపుకోత తప్పించిన నిర్ణయమది.

2011లో లిబియా. ప్రజలను గద్దాఫీ చంపబోతున్నాడని, వారిని కాపాడాలని నాటో విమానాలు దిగాయి. ఆ ముప్పును ఎక్కువచేసి చూపారని 2016లో బ్రిటన్ పార్లమెంటు సంఘం తేల్చింది. గద్దాఫీ పోయాక దేశం ముక్కలైంది. 2015 జూలైలో సిర్త్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే తెలుగు అధ్యాపకులు ఇద్దరిని ఐ.ఎస్. ముఠా పట్టుకుపోయింది. వారు బయటపడేసరికి ఏడాది దాటింది. ముస్లింల పేరు చెప్పుకుని ముస్లింలనూ, ముస్లిమేతరులనూ చంపిన ఆ ముఠా, ఇరాక్ యుద్ధం మిగిల్చిన శిథిలాల్లోనే బలపడింది.

ఆలస్యంగా వచ్చినచోట

ఇంత చెప్పాక ఇంకో పక్క కూడా చెప్పకపోతే అన్యాయం. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనీత్సాలో 8 వేలమందికి పైగా ముస్లిం మగవారిని, బాలురను చంపారు. ఐక్యరాజ్యసమితి సైనికులు చూస్తూ నిలబడ్డారు. ఆగస్టు చివర అమెరికా, నాటో విమానాలు దిగాకనే ఆ యుద్ధం ముగింపుకు వచ్చింది. 1999లో కొసొవో ముస్లింల కోసం 78 రోజులు బాంబులు వేశారు. దానికి భద్రతామండలి అనుమతి లేదు, సెర్బియా సామాన్యులూ చనిపోయారు. ఐనా ఇళ్ళు వదిలి పారిపోయిన లక్షలమంది తిరిగి రాగలిగారు. ఇక 1994లో రువాండాలో వంద రోజులలో లక్షలాది మందిని నరికి చంపినప్పుడు ఏ అగ్రరాజ్యమూ కదలలేదు.

కనుక జోక్యం ప్రతిదీ అన్యాయమని ఒక్క మాటతో తేల్చడం కుదరదు. ఎవరి ప్రాణం కోసం వచ్చారు, ఎవరి అనుమతితో వచ్చారు, వెళ్ళేటప్పుడు ఏం మిగిల్చారు - ఈ మూడు ప్రశ్నలు ప్రతి వరుసకూ వేసుకోవాలి.

కాదన్నవారు అక్కడే ఉన్నారు

మరొక సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. ఈ యుద్ధాలను ఎదిరించినవారిలో ముందు వరుస అమెరికా పౌరులదే. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో తమ సైనికులే గ్రామస్థులను చంపుతుంటే, హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ పైలట్ అడ్డుగా దిగి కొందరిని కాపాడారు. బాక్సింగ్ వీరుడు ముహమ్మద్ అలీ 1967 ఏప్రిల్ 28న సైన్యంలో చేరనని నిలబడ్డారు. బిరుదు పోయింది, మూడేళ్ళకు పైగా ఆట పోయింది. 1971లో సుప్రీంకోర్టు ఆయన శిక్షను కొట్టివేసింది. 2001 సెప్టెంబరులో అధ్యక్షుడికి అపరిమిత యుద్ధాధికారం ఇచ్చే తీర్మానానికి ప్రతినిధుల సభలో 420 మంది సరే అంటే, వద్దన్నది బార్బరా లీ ఒక్కరే. ఒక ప్రభుత్వం చేసిన పనికి ఒక జాతి మొత్తాన్ని ద్వేషించకూడదని వీరి జీవితాలు చెబుతాయి.

పెద్దాయనకు మా జవాబు

గల్ఫ్‌లో బిడ్డలున్న కుటుంబాలు యుద్ధాలను ఆపలేకపోవచ్చు. ఇంటి కాగితాలు మాత్రం భద్రపరచుకోగలరు. కువైట్ బాధితులకు పరిహారం ఇవ్వడానికి 1991లో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఏర్పడింది. మన విదేశాంగ శాఖలో దానికి ప్రత్యేక విభాగం పెట్టారు. దేశం వదిలి రావలసి వచ్చినందుకే ఒక్కొక్కరికి 2,500 నుండి 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 నుండి 8,000 డాలర్లు నిర్ణయించారు. ఆ సొమ్మంతా ఇరాక్ చమురు ఆదాయం నుండి వచ్చింది. చివరి చెల్లింపు జరిగి లెక్క ముగిసింది 2022లో. అంటే ఒక నియంత చేసిన తప్పుకు ఆ దేశపు ప్రజలు మూడు దశాబ్దాలు అప్పు తీర్చారు. మనవారు పరిహారం అడగాలంటే అక్కడ ఉన్నట్లూ, వచ్చినట్లూ చూపే కాగితం కావలసి వచ్చింది. కనుక పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, జీతం రసీదుల నకళ్ళు ఇంట్లో ఒక జత ఉంచుకోండి. వెళ్ళేముందు ప్రవాసీ భారతీయ బీమా చేయించండి. అక్కడి మన రాయబార కార్యాలయం ఫోను నెంబరు తల్లి దగ్గరా, భార్య దగ్గరా ఉండాలి.

టీ బంకు దగ్గర మమ్మల్ని అడిగిన పెద్దాయనకు ఇప్పుడు ఇలా చెబుతాం: సంబంధం ఉంది చాచా! వాళ్ళు బాంబు వేసేముందు చెప్పే కారణం మీకోసం చెప్పింది కాదు. కాని ఆ కారణం అబద్ధమైతే దాని ఖర్చు మీ ఇంటిదాకా వస్తుంది. కాబట్టి ఈసారి ఏ దేశం ఏ దేశం మీదికి వెళుతున్నా, ఆ దేశం పేరు ఏదైనా, దాని పాలకుడి మతం ఏదైనా, మనవడి చేత పలక తెప్పించండి. చెప్పిన కారణం ఆ రోజే ఎడమ పక్కన రాయించండి. కుడి పక్క నిండేదాకా ఎవరికీ జేజేలు కొట్టవద్దు.